పక్కన కూర్చుని వినడం ఎవరు నేర్పుతారు?

డీఎస్సీ 2024లో ఉద్యోగం వచ్చిన కొత్త ఎస్‌జీటీలు, అంటే ప్రాథమిక బడి టీచర్లు, మా కాంప్లెక్స్‌లోనూ (చుట్టుపక్కల బడుల సముదాయంలోనూ) చేరారు. తెలంగాణ మొత్తం మీద 11,062 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చిన డీఎస్సీ అది. వీళ్లంతా బాగా చదువుకున్నవాళ్లు, బడి అంటే ఉత్సాహం ఉన్నవాళ్లు. కాంప్లెక్స్ మీటింగ్ అయ్యాక టీ తాగుతూ నన్ను అడిగే ప్రశ్న మాత్రం దాదాపు ఒకటే. "మేడమ్, రెండో తరగతి పిల్లలకు అక్షరాలన్నీ వచ్చు. గుణింతాలు గడగడా అప్పజెప్తారు. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగలదు. ఏం చేయాలి?" ఈ ప్రశ్నకు నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపేయడం నాకు ఇష్టం ఉండదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మనకు చదవడం వచ్చు కాబట్టి నేర్పడమూ వచ్చేసినట్టేనని చాలామంది నమ్మకం. నేను దీన్ని ఒప్పుకోను. ఒకటి, రెండు తరగతుల్లో చదవడం నేర్పడమే ప్రాథమిక బడిలో అన్నిటికంటే కష్టమైన పని. దానికి విడిగా, లోతుగా శిక్షణ కావాలి. డీఎడ్‌లో మేము శిశు మనోవిజ్ఞానం చదివాం, బోధనా పద్ధతులు చదివాం, పాఠ్య పథకాలు రాసీ రాసీ చేతులు నొప్పులు పుట్టాయి. కానీ ఆరేళ్ల పిల్ల కంటికి తెలుగు లిపి ఎలా కనిపిస్తుంది, ఎక్కడ తడబడుతుంది, ఎందుకు తడబడుతుంది అనేదాని మీద ఒక్క పూట కూడా మాట్లాడుకున్న గుర్తు లేదు. ముందుగా ఆ లిపి సంగతే చూద్దాం. నా దృష్టిలో శిక్షణ అక్కడే మొదలవ్వాలి.

పుట్టినప్పటి నుంచి చూస్తున్న లిపి కాబట్టి దాని బరువు మనకు తెలియదు. వర్ణమాలలో 56 అక్షరాలు. 36 హల్లుల్లో ఒక్కోదానికి తలకట్టు నుంచి విసర్గ దాకా గుణింత రూపాలు లెక్కేస్తే ఐదు వందలు దాటుతాయి. ఆ పైన ఒత్తులు. వాటిలో పిల్లల పుస్తకాల్లో నిజంగా కనిపించేవి కొన్నే అయినా, ఇది రెండు సంవత్సరాల్లో ముగిసే పని కాదు. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడం మీద సొనాలీ నాగ్ అనే పరిశోధకురాలు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లలు అక్షరాల మీద పట్టు సాధించడం రెండో తరగతితో ఆగదని, మూడు నాలుగు తరగతుల దాకా సాగుతుందని అందులో తేలింది. అది చదివినప్పుడు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. పిల్లల్లో లోపం ఉందని, టీచర్‌లో లోపం ఉందని కాకుండా, ఈ పనికి ఇంత సమయం పడుతుందని ఎవరో కొలిచి చెప్పారు.

మనం నేర్పే వరుస తెలిసిందే. మొదట వర్ణమాల, తర్వాత గుణింతాలు, చివరికి ఒత్తులు. అయితే పిల్ల నోట మొదట పలికే మాటలు ఏమిటి? అమ్మ, నాన్న, అక్క, అన్న, తల్లి, పిల్లి. అన్నిట్లోనూ ఒత్తులే. అంటే బిడ్డ గుండెకు అన్నిటికంటే దగ్గరైన మాటలన్నీ మన వరుసలో అన్నిటికంటే చివర ఉన్నాయి. పైగా గ, డ, ద, బ లాంటివాటి ఒత్తులు చూస్తే అసలు అక్షరం పోలిక తెలుస్తుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆ పోలికే లేదు. మాటల్లో తరచుగా వచ్చేవి ఈ ఆరే. కాబట్టి ఒత్తుల పాఠం వచ్చేదాకా "అమ్మ" అనే మాటను పిల్లల కంటికి కనపడనివ్వకూడదనే పట్టుదల మంచిది కాదు. నేను మొదటి వారంలోనే అమ్మ, నాన్న, అక్క అనే మాటలను, తరగతిలో పిల్లల పేర్లను గోడ మీద పెడతాను. వాటిని వాళ్లు బొమ్మను గుర్తుపట్టినట్టు మొత్తంగా గుర్తుపడతారు. విడదీసి చదవడం తర్వాత నెమ్మదిగా వస్తుంది.

ఇక అసలు చిక్కు. "మిత్రుడు" అనే మాట రాసి చూడండి. కొమ్ము త పక్కన ఉంటుంది. ర ఒత్తు త కింద ఉంటుంది. నోటితో పలికేటప్పుడు మాత్రం ముందు త, తర్వాత ర, ఆ తర్వాతే ఉ. కంటికి కొమ్ము ముందు అందుతుంది, చెవికి ర ముందు అందుతుంది. పిల్ల "మితురుడు" అని చదివితే చూసింది చూసినట్టే చదివిందన్నమాట. త చూసింది, దానికి కొమ్ము చూసింది, "తు" అంది. కింద ఇంకేదో ఉందని గమనించి "రు" కలిపింది. ఆ పిల్లను "సరిగ్గా చూడు" అని గద్దిస్తే ఏం లాభం? సరిగ్గా చూసినందుకే అలా చదివింది. ఆమెకు చెప్పాల్సింది వేరు. కింద ఒత్తు ఉన్నప్పుడు గుణింతపు గుర్తును కాసేపు చేత్తో పట్టుకుని, ఒత్తు పలికాక వదలాలి. పలక మీద త రాసి, కింద ఒత్తు పెట్టి, "త్ర" అనిపించి, అప్పుడు కొమ్ము తగిలిస్తే "త్రు" దానంతట అదే వస్తుంది. "మద్రాసు", "పక్షి", "పుస్తెలు" అన్నిటికీ ఇదే కీలకం.

మ, వు అనే రెండు రూపాలు కూడా పక్కపక్కన రాసి చూడండి. రెండింటికీ ఎంత తేడా ఉందో ఆరేళ్ల కళ్లతో చూడండి. మా తరగతిలో ఒక బాబు "ఆవు"ను "ఆమ" అని చదివేవాడు. పాఠంలో ఆవు బొమ్మ ఉన్నప్పుడు ఠక్కున "ఆవు" అనేవాడు. బొమ్మను చేత్తో మూస్తే "ఆమ". వాడికి అక్షరాలన్నీ వచ్చని రిజిస్టర్‌లో రాసి ఉంది. అది అబద్ధం కూడా కాదు, వర్ణమాల చార్టు మీద అడిగితే ఒక్కటీ తప్పడు. చార్టులో ప్రతి అక్షరానికీ ఒక చోటు ఉంటుంది, ఆ చోటే జవాబు చెప్పేస్తుంది. చార్టు మీద వచ్చిన అక్షరం మాటలోకి వచ్చేసరికి కొత్తదైపోతుంది.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, "చదవడం రాదు" అనే ఒక్క మాట కింద మనం రకరకాల పిల్లల్ని కలిపేస్తున్నాం. ఒక పాప "ప... డ... వ..." అని మూడు అక్షరాలూ సరిగ్గా పలుకుతుంది, మూడూ కలిపి మాటగా వినదు. ఇంకో బాబు గబగబా చదువుతాడు, ఏం చదివావురా అంటే మొహం చూస్తాడు. మరో పిల్ల పాఠం మొత్తం కంఠతా పట్టింది, వేలు ఒక మాట మీద ఉంటుంది, నోరు ఇంకో మాట దగ్గర ఉంటుంది. ఈ మూడో పిల్లను గుర్తుపట్టడం అన్నిటికంటే కష్టం. ఆమె ఎక్కడా ఆగదు. వాక్యంలో చివరి మాట మీద వేలు పెట్టి అడగాలి, తర్వాత మధ్యలో మాట, తర్వాత మొదటిది. లేదంటే అవే మాటలతో వరుస మార్చి బోర్డు మీద కొత్త వాక్యం రాయాలి. అప్పుడు తెలుస్తుంది.

మొదటి పాపకు మళ్లీ అక్షరాలు దిద్దిస్తే పనికిరాదు. ఆమెకు కావాల్సింది అక్షరాన్ని అక్షరంలోకి సాగదీస్తూ కలిపే ఆట. "పడవ" అని ముందు నోటితో విరిచి, చప్పట్లు కొట్టించి, మళ్లీ కలిపించాలి. పుస్తకం లేకుండా, చెవులతోనే. రెండో బాబుకు కావాల్సింది వేగం కాదు, మాటలు, కబుర్లు. చదివిన రెండు వాక్యాల గురించి ఆగి మాట్లాడటం. అందరికీ కలిపి ఒకే పని ఇస్తే ముగ్గురిలో ఒకరికైనా పనికొస్తుందో లేదో చెప్పలేం.

ఎవరికి ఏం కావాలో తెలియాలంటే ఒక్కటే దారి. ఒక్కో పిల్ల పక్కన కూర్చుని ఆమె చదువుతుంటే వినాలి.

వినడం అంటే ఏముంది, రోజూ వింటూనే ఉన్నాం కదా అనిపిస్తుంది. ఈ వినడం వేరు. ఇది నాకు ఒక శిక్షణలో తెలిసింది. ఎంఆర్‌సీ (మండల వనరుల కేంద్రం) భవనంలో ఎప్పటిలా కుర్చీలు, ప్రొజెక్టర్, సంతకాల షీటు ఉన్నాయి. ఆ రోజు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఆర్పీ (రిసోర్స్ పర్సన్) మేడమ్ మాత్రం ప్రొజెక్టర్ జోలికి పోలేదు. పక్కనే ఉన్న బడి నుంచి రెండో తరగతి పిల్లల్ని కొందరిని పిలిపించింది. హాలు మధ్యలో చాప పరిచి ఒక పాపను పక్కన కూర్చోబెట్టుకుంది. ముందు ఆ పాపతో కాసేపు ఇంటి సంగతులు మాట్లాడింది. మీ మేకలెన్ని, వాటికి పేర్లు పెట్టావా అని. పాప బిగువు తగ్గాక ఆమె ఎప్పుడూ చూడని చిన్న కథ ఒకటి ముందు పెట్టి చదవమంది. మమ్మల్ని మాత్రం, పాప ఏం పలికితే అదే రాయమంది. సరిదిద్ది రాయొద్దంది, మార్కులు వేయొద్దంది.

పాప చదివినంతసేపు మేడమ్ ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యలో పాప ఒక మాట దగ్గర ఆగిపోయింది. మా అందరి పెదవులూ కదిలాయి, చెప్పేద్దామని. మేడమ్ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. కొద్దిసేపటికి పాప మళ్లీ వెనక్కి వెళ్లి, వాక్యం మొదటి నుంచి చదువుకుని, ఆ మాట తనే పట్టుకుంది. తర్వాత మేము రాసుకున్నవి బయటికి చదివాం. ఒకే పాప, ఒకే కథ, అందరం అక్కడే కూర్చున్నాం, మా కాగితాల్లో మాత్రం ఒకదానికొకటి పొంతన లేదు. "పుస్తకం" దగ్గర పాప "పుసతకం" అందని కొందరు, "పుసకం" అందని కొందరు, సరిగ్గానే చదివిందని ఇంకొందరు. మేడమ్ అప్పుడు అసలు విషయంలోకి వచ్చింది. "పుసతకం" అనే పిల్లకు ఒత్తు కనిపిస్తుంది, దాన్ని పూర్తి అక్షరం చేస్తుంది. "పుసకం" అనే పిల్లకు అది కనిపించనే కనిపించదు. ఇద్దరికీ మీరు రేపు చెప్పే పాఠం ఒకటే అవుతుందా అని అడిగింది. ఆగి, వెనక్కి వెళ్లి, తనే సరిచేసుకున్న చోటు గురించి కూడా మాట్లాడింది. అర్థం మీద ధ్యాస ఉన్న పిల్లలే అలా వెనక్కి వెళ్తారు, అది తప్పుల లెక్కలో వేయకూడదు, బలం లెక్కలో వేయాలి అంది.

ఆ తర్వాత కొన్ని వారాలకు ఆమె మా బడికి వచ్చింది. అదే నా దృష్టిలో శిక్షణలో అసలైన సగం. వచ్చి వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకుని వెళ్లిపోలేదు. చాక్‌పీస్ తీసుకుని తనే ఒక పీరియడ్ చెప్పింది, నేను చూశాను. మర్నాడు నేను చెప్పాను, ఆమె చూసింది. ఆమె చెప్పిన సలహా చాలా చిన్నది. పిల్ల ఆగినప్పుడు టీచర్ మనసులో ఐదు దాకా లెక్కపెట్టాలి. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం వరకే అందించాలి. అంతే. ఈ ఐదు అంకెల మౌనం చెప్పినంత తేలిక కాదు. ముప్పై మంది గోలలో, గంట కొట్టే టైం దగ్గర పడుతుంటే, ఆ మౌనం పాటించడం అలవాటయ్యేదాకా ఎవరో ఒకరు పక్కన ఉండి గుర్తుచేయాలి.

మన దగ్గర శిక్షణలు మామూలుగా మెట్లు మెట్లుగా దిగుతాయి. రాష్ట్ర స్థాయిలో విన్నవాళ్లు జిల్లాలో చెప్తారు, జిల్లాలో విన్నవాళ్లు మండలంలో చెప్తారు. సాగర్ కాలువ చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు ఎలా అందుతాయో మా నల్గొండ జిల్లా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, శిక్షణా అలాగే అందుతుంది. మండలంలో చెప్పే ఆర్పీని తప్పుపట్టడం లేదు. ఆయనా మనలాంటి టీచరే, తాను పిల్లలతో చేసి చూడని దాన్ని రెండు రోజుల్లో విని వచ్చి మూడో రోజు మనకు చెప్పాల్సి వస్తోంది. ఆయనకు మధ్యలో పిల్లలతో చేసి చూసే రోజులు ఇవ్వాలి.

ఇలా మధ్య రోజులు ఇచ్చి చూసిన రాష్ట్రం ఒకటి ఉంది. 2012-13లో హర్యానా ప్రభుత్వం ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ఒక పని చేసింది. టీచర్లకు శిక్షణ ఇచ్చి, బడులకు వెళ్లి చూడాల్సిన బ్లాక్ స్థాయి కోఆర్డినేటర్లు ముందుగా తామే శిక్షణ తీసుకుని, 15 నుంచి 20 రోజులు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆ తర్వాతే టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఇచ్చాక బడులకు తిరుగుతూ అండగా ఉన్నారు. రోజులో ఒక గంటను విడిగా కేటాయించి, పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదివే స్థాయిని బట్టి కూర్చోబెట్టారు. హిందీ చదవడంలో పిల్లలు మెరుగుపడ్డారని పరిశోధకులు తేల్చారు. అంతకుముందు బీహార్, ఉత్తరాఖండ్‌లలో మామూలు బడి వేళల్లో వాడుకోమని టీచర్లకు పుస్తకాలు, శిక్షణ ఇచ్చి వదిలేసినప్పుడు అలాంటి ఫలితం రాలేదు. అక్కడి టీచర్లు పనిచేయలేదని కాదు. విడిగా కేటాయించిన సమయం లేదు, పక్కన నిలబడే మనిషి లేడు.

దక్షిణాఫ్రికాలో చేసిన ప్రయోగం దీనికంటే సూటిగా ఉంది. నార్త్ వెస్ట్ ప్రావిన్స్‌లో పిల్లలు మాతృభాష సెట్స్వానాలో చదవడం నేర్చుకునే బడులు తీసుకున్నారు. కొన్ని బడుల టీచర్లను ఒక కేంద్రానికి పిలిపించి శిక్షణ ఇచ్చారు. ఇంకొన్ని బడులకు శిక్షకులే నెల నెలా వెళ్లి తరగతి గదిలో పక్కనుండి చూపించారు. ఇద్దరికీ ఇచ్చిన పాఠ్య పథకాలు ఒకటే, చదివించే చిన్న పుస్తకాలు ఒకటే. రెండేళ్ల తర్వాత చూస్తే, తరగతి గదికి వెళ్లి చూపించిన బడుల్లో పిల్లల చదువు కేంద్రంలో శిక్షణ ఇచ్చిన బడులతో పోలిస్తే సుమారు రెట్టింపు మెరుగైంది. ఖర్చూ ఎక్కువే అవుతుంది, అది కాదనలేం. కానీ హాలు అద్దె, భోజనాలు, టీఏలు, మాడ్యూళ్ల అచ్చు ఖర్చు మనమూ పెడుతూనే ఉన్నాం కదా.

మన దగ్గర పని జరగడం లేదని నేననను. కేంద్రం 2021 జులై 5న నిపుణ్ భారత్ మొదలుపెట్టి, 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. మన రాష్ట్రంలో 2022 ఆగస్టు 15న ఒకటి నుంచి ఐదు తరగతులకు చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. దీక్షా యాప్‌లో టీచర్ల కోసం నిష్ఠ 3.0 పేరుతో పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం మీద 12 కోర్సులు పెట్టారు. అందులో విషయం బాగుంది, శ్రద్ధగా చూసినవాళ్లకు ఉపయోగం ఉంది. ఫలితాల్లోనూ కదలిక కనిపిస్తోంది. అసర్ సర్వే ప్రకారం దేశంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరిగింది, సంతోషం. కానీ నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారు. ఆ ముగ్గురి దగ్గర కూర్చునే టీచర్‌కు యాప్‌లో చూసే వీడియో సాయం ఒక మేరకే. వీడియో మనకు చెప్తుంది, మన పిల్ల చదివింది అది వినదు.

వేగం గురించి ఒక మాట. నిపుణ్ లక్ష్యాల్లో మూడో తరగతి చివరికి నిమిషానికి 60 మాటలు అని ఉంది. దాంతో స్టాప్‌వాచ్ పెట్టి చదివించే టెన్షన్ కొన్ని బడుల్లో మొదలైంది. తెలుగు మాట పొడవు వేరు. "వచ్చేసిందనుకున్నారట" మనకు ఒక్క మాట. ఇంకో భాషలో అదే అర్థానికి ఐదారు చిన్న మాటలు అవుతాయి. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో చేసిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీ భాషకు భాషకు విడిగా ప్రమాణాలు పెట్టింది కూడా అందుకే. పిల్లకు గడియారం చూపించకండి. ఇంకొకసారి చదువుదామా అని అడిగి అదే కథను మళ్లీ చదివిస్తే వేగం దానంతట అదే వస్తుంది.

మా బడి దేవరకొండ వైపు తండాలో ఉంది. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. అమ్మ వాళ్లకు యాడి, నీళ్లు పాణి, రొట్టె బాటి. బడికి వచ్చిన మొదటి రోజు నుంచి తెలుగు వినాలి, తెలుగు మాట్లాడాలి, తెలుగు చదవాలి, మూడూ ఒకేసారి. ఈ పిల్ల "పడవ" అని అక్షరాలు కలిపి సరిగ్గా చదివినా, పడవ అనే మాట ఎన్నడూ వినకపోతే తాను చదివింది సరిగ్గా ఉందో లేదో ఆమెకు ఎలా తెలుస్తుంది? తెలుగు ఇంటి పిల్ల "పదవ" అని చదివితే, ఆ మాట ఇక్కడ పొసగదే అని తనే దిద్దుకుంటుంది. మా పిల్లకు ఆ అవకాశం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామి, బంజారా (లంబాడీ), సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య కార్యక్రమం మొదలుపెట్టి, మాతృభాషలో వాచకాలు తెచ్చింది ఈ అవసరాన్ని చూసే. ఇప్పుడు మా బడిలో అలాంటి వాచకం లేదు. కానీ చదవడానికి ముందు మాట్లాడించడం మన చేతిలో పనే. కథ చదివే ముందు దాన్ని నోటితో చెప్పి, లంబాడీలో వాళ్ల చేత తిరిగి చెప్పించి, ఆ తర్వాత తెలుగులో అనిపించి, అప్పుడు పుస్తకం తెరుస్తాను. మూడో తరగతి పాప ఒకామె నాకు ఇందులో పెద్ద ఆసరా. చిన్నవాళ్లకు అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా ఆమెనే పిలుస్తాను. పత్తి ఏరే రోజుల్లో ఆ పాప అమ్మానాన్నలతో పొలానికి వెళ్లిపోతే నా క్లాసు సగం ఆగినట్టే ఉంటుంది.

తండా బడుల టీచర్లకు ఇచ్చే శిక్షణలో ఈ సంగతి ఒక అధ్యాయంగా కాదు, మొదటి రోజు మొదటి గంటగా ఉండాలని నా కోరిక. మైదాన ప్రాంతపు బడికీ, తండా బడికీ, గూడెం బడికీ ఒకే మాడ్యూల్ సరిపోదు. నల్గొండలో సరిపోనిది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో అసలే సరిపోదు, అక్కడ ఒకే తరగతిలో గోండి, కొలామి, లంబాడీ పిల్లలు కలిసి కూర్చునే బడులు ఉన్నాయి.

శిక్షణలు రూపొందించేవాళ్లలో ఎవరైనా ఇది చదివితే నేను అడిగేది ఎక్కువేం కాదు. శిక్షణ కేంద్రం ఏదైనా ఒక ప్రాథమిక బడిలోనే పెట్టండి, పిల్లలు ఉన్న రోజుల్లోనే పెట్టండి, వేసవి సెలవుల్లో ఖాళీ బడిలో కాదు. ఉదయం పూట ప్రతి టీచరూ ఒక పిల్లతో కూర్చోవాలి, మధ్యాహ్నం దాని గురించి మాట్లాడుకోవాలి. ఆర్పీగా వచ్చేవాళ్లు ఆ ఏడాది ఒకటో రెండో తరగతి చెప్తూ ఉన్నవాళ్లై ఉండాలి. ఆ తర్వాత నెలలో ఒక్కసారైనా వాళ్లను మా తరగతికి పంపండి, రిజిస్టర్లు చూడటానికి కాదు, పాఠం చెప్పడానికి. పిల్లల స్థాయిని ఏడాది మొదట్లో, మధ్యలో నమోదు చేసే బేస్‌లైన్, మిడ్‌లైన్ పట్టికలు నింపి అప్‌లోడ్ చేసే గంటల్లో కొన్ని మాకు తిరిగి ఇస్తే, ఆ సమయాన్ని పిల్లల పక్కన పెడతాం.

కొత్తగా చేరిన చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఇంకో మాట. ఇవన్నీ పైనుంచి వచ్చేదాకా ఆగక్కర్లేదు. మా కాంప్లెక్స్‌లో హెచ్‌ఎం సార్‌ను అడిగాం, వచ్చే మీటింగ్‌లో మధ్యాహ్నం పూట మాకు వదిలేస్తానన్నారు. ప్రతి టీచరూ తన తరగతిలో ఒక పిల్ల చదువుతున్నప్పుడు ఫోన్‌లో ఒకటి రెండు నిమిషాలు రికార్డు చేసి తెస్తున్నారు. పిల్ల పేరు చెప్పం, బడి పేరు చెప్పం. పిల్ల చదివిన పేజీ జిరాక్స్ అందరికీ ఇస్తాం. విని, పిల్ల పలికింది పలికినట్టు పెన్సిల్‌తో ఆ మాట పైనే రాయాలి. మాట వదిలేస్తే గీత, తనే దిద్దుకుంటే పక్కన చిన్న టిక్కు, ఎక్కువసేపు ఆగితే చుక్క. తర్వాత ఒకటే ప్రశ్న: రేపు ఉదయం ఈ పిల్లకు మొదటి పది నిమిషాలు ఏం చేయిస్తారు? నేను "మితురుడు" అన్న పాప రికార్డింగ్ తీసుకొస్తున్నాను. ఈ మధ్య ఆమె "మిత్రుడు" సరిగ్గానే అంటోంది, కానీ "చంద్రుడు" దగ్గర మళ్లీ ఆగుతోంది. సున్నా, ఒత్తు, కొమ్ము మూడూ ఒకేచోట కలిశాయి కాబట్టి అలా జరుగుతోందని నా అనుమానం, మిగతావాళ్లు విని ఏమంటారో చూడాలి.